లెక్కల్లో కనిపించని బలం

చలికాలం, రాత్రి తొమ్మిదైంది. వట్లూరు దాటి కొల్లేటి వైపు వెళ్తే రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ కనిపిస్తాయి. కరెంటు పోతే గాలి అందక రొయ్య చచ్చిపోతుందని తండ్రి గట్టు మీదే మంచం వేసుకున్నాడు. అదే వేళకు ఊళ్లో, ఇంట్లో, కొడుకు ల్యాప్‌టాప్ ముందు మీటింగులో ఉన్నాడు. అవతల అమెరికా తూర్పు తీరంలో ఉదయం పదిన్నర. ఇద్దరి కష్టాన్నీ కొనేవాడు సముద్రాల అవతలే ఉన్నాడు. "రొయ్య కౌంటు రేటెంతుంది నాన్నా?" అని కొడుకు అడుగుతాడు. "నీ ప్రాజెక్టు ఇంకా ఉందా, అయిపోయిందా?" అని తండ్రి అడుగుతాడు. రెండు ప్రశ్నల వెనకా ఉన్న బెంగ ఒక్కటే.

1989లో వట్లూరులో సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. దాని వెనక మరికొన్ని కాలేజీలు వచ్చాయి. చెరువు గట్టు నుంచి కంప్యూటరు దాకా దారి పడింది. ఆ దారి చివర నిలబడ్డ ఐటీ సేవల సంస్థకు బలం ఏమిటి, గండం ఏమిటి? చదువుకున్న మనుషులు తక్కువ జీతానికి దొరకడం, ఇంగ్లీషు రావడం, అమెరికా నిద్రపోయే వేళ ఇక్కడ పని సాగడం బలాలంటారు. కొద్దిమంది క్లయింట్లు, డాలరు, వీసాలు, కృత్రిమ మేధ గండాలంటారు. 2025 జులైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తానంది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. అదే ఏడాది అక్కడి సుంకాలు మన రొయ్యనూ కొట్టాయి. ఇవన్నీ నిజాలే. అయితే ఆ బలం ఎవరిది? ఆ గండం ఎవరి నెత్తిన పడుతుంది?

జవాబు కోసం సత్యం కథ చూద్దాం. భీమవరం ప్రాంతానికి చెందిన బైర్రాజు రామలింగరాజు 1987లో సత్యం కంప్యూటర్స్ స్థాపించారు. 2009 జనవరి 7న ఆయనే బోర్డుకు లేఖ రాశారు. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని చూపితే, అసలు వచ్చింది 2,112 కోట్లు. తేడా సంగతి అందరూ మాట్లాడుకున్నారు. నేను ఆ 2,112 కోట్ల దగ్గరే ఆగిపోతాను. అది దొంగ లెక్క కాదు. రాత్రుళ్లు మేలుకుని వేలమంది చేసిన పని అది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సత్యాన్ని కొన్నప్పుడు, కూలిపోయిన ఖాతాల్లో కొనడానికి ఏముంది? ఆ మనుషులు, వాళ్ల పని మీద నమ్మకం చెడని క్లయింట్లు. సంస్థను మోసిన బలం అదే.

ఆ కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్ 'గ్రామ్ఐటీ' పేరుతో పశ్చిమ గోదావరి పల్లెల్లోకి కంప్యూటరు పని తెచ్చింది. జల్లికాకినాడ లాంటి ఊళ్లో ఇల్లు వదలకుండా ఉద్యోగం చేయవచ్చని చూపిన మంచి ఆలోచన అది. కానీ ఆ పనిలో కొంత సత్యం నుంచే వచ్చేది. తప్పు ఎక్కడో పట్నంలో జరిగింది. గుబులు మాత్రం ఆ పల్లె గడప దాకా వచ్చింది.

లెక్కల పుస్తకం తెరిస్తే భవనం ఆస్తుల్లో ఉంటుంది, మనిషి జీతం ఖర్చులో ఉంటుంది. గడ్డు రోజులు రాగానే చెయ్యి ముందుగా ఖర్చు మీదకే వెళ్తుంది. పని లేనప్పుడు జీతాలు ఎక్కణ్ణుంచి తెస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన కొల్లేటిలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను సరస్సు కడుపులో పెట్టుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదులుతుంది. ఆ కడుపు నిండా మనం చెరువు గట్లు వేశాం. వరద ఊళ్ల మీద పడింది. చివరికి 2006లో ప్రభుత్వం ఆ గట్లు కొట్టించాల్సి వచ్చింది. ఆటుకూ పోటుకూ సరిపడా చోటు ఉంచుకోవడమే సరస్సు గుణం.

సంస్థకూ ఆ గుణం ఉండాలి. లాభాలు పొంగిన ఏళ్లలో కొంత నిలవచేసి, పని మారే కాలానికి తన మనుషులకు కొత్త విద్య నేర్పించాలి. ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న కుర్రాణ్ణి భారంగా చూడకుండా, వచ్చే పంటకు దాచిన విత్తనంలా చూడాలి. అలా చూడలేని సంస్థ ఎంత పెద్దదైనా బలమైనదని నేను ఒప్పుకోలేను.

మీ ఇంట్లో బిడ్డకు ఆఫర్ లెటర్ వస్తే సంతోషించండి. ప్యాకేజీ ఎంతో అడగండి. దాంతోపాటు, గడ్డు ఏడాదిలో ఆ సంస్థ తన మనుషుల్ని ఎలా చూసుకుందో కనుక్కోమని కూడా చెప్పండి.