పొట్లం వెనకవైపు

విజయవాడలో మేడమీద కుండీల్లో కూరగాయలు పెంచేవారికీ, కృష్ణా నది లంకల్లో బెండ, వంగ వేసే రైతులకూ ఈ ఉదయం ఒకే మాట. విత్తనం పొట్లం మీద నిగనిగలాడే బొమ్మ చూసి మురిసిపోకండి, వెనక్కి తిప్పి చదవండి. మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు అక్కడ ఉండాలి. ప్రమాణాల ప్రకారం బెండకు కనీసం 65 శాతం, వంగకూ టమాటాకూ 70 శాతం మొలక రావాలి. చవకని గడువు తీరిన గింజ కొంటే డబ్బొక్కటే కాదు, అదునూ పోతుంది.

ఇంటి పెరటికైతే హైబ్రిడ్ కాని సూటి రకమే మేలంటాను. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ బెండ రకం అర్క అనామిక అలాంటిదే. చెట్టునే ముదిరి ఎండిన కాయల గింజలు మళ్లీ విత్తుకోవచ్చు. హైబ్రిడ్ గింజ దాస్తే అదే పంట రాదు.

ఏ గింజ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. కాపు చేతికొచ్చేదాకా ఖాళీ పొట్లాన్నీ పారేయకండి.