నచ్చని మాటకు చోటు

బసవేశ్వరుడు పలికిన మాటలలో నాటి పెద్దలకు రుచించినవి బహు కొద్ది. పుట్టుకచే ఎవడును అధికుడు కాడనియు, దేహమే దేవళమనియు, ఏ వృత్తియు హీనము కాదనియు 12వ శతాబ్దమున చెప్పుట సామాన్యమైన సాహసము కాదు. అదియు అడవిలో కూర్చుండి చెప్పలేదు. బిజ్జలుని కొలువున భాండాగారమును నిర్వహించుచు, కల్యాణ పట్టణము నడుమ, చాకలికిని పడవవానికిని తెలియు కన్నడములో చెప్పెను. సంస్కృతములో చెప్పియుండిన పండితులు తమలో తాము వాదించుకొని ఊరకుండెడివారేమో!

ఆ మాట ఆచరణలోనికి వచ్చిన దినముననే ముప్పు వచ్చెను. బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెను, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికిచ్చి శరణులు వివాహము జరిపించిరి. బిజ్జలుడు ఆ తండ్రులిరువురి కన్నులు తీయించి, ఏనుగు కాళ్ళకు కట్టించి ఈడ్పించెనని సంప్రదాయము చెప్పుచున్నది. పిమ్మట 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. ఆ వధ ఎవరి చేత, ఏ కారణమున జరిగెనో చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. శరణులే కత్తి దూసిరని మురియువారు మనలో లేకపోలేదు. అది మురియదగిన విషయము కాదు. కల్యాణము చెల్లాచెదరయ్యెను, బసవేశ్వరుడు అప్పటికే కూడలసంగమమునకు తరలిపోయెను. కత్తి వలన శరణులకు ఒరిగినదేమియు లేదు. నిలిచినవి వచనములు.

నేడు ఏనుగు కాళ్ళ భయము లేదు. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 19వ అధికరణమున భావ ప్రకటన స్వేచ్ఛను, 25వ అధికరణమున మతమును అవలంబించి, ఆచరించి, ప్రచారము చేయు హక్కును ఒసగినది. శాంతిభద్రతలు, నీతి మున్నగు హద్దులును అందే కలవు. వీధిలో నిలిచి పలుకువానికి చట్టము కొంత అండగా నుండును. మఠమున గురుపీఠము ఎదుట సందేహము అడిగిన యువకునికి, ఇంట ఆచారమునకు కారణమడిగిన కోడలికి ఏ అధికరణము అండ? అచట అండ కావలసినవారు పెద్దలే.

అనుభవ మంటపమున ఆ అండ ఉండెను. ఉడుతడి నుండి వచ్చిన అక్కమహాదేవిని అల్లమ ప్రభువు మెత్తని ప్రశ్నలడుగలేదు. భర్త ఎవరనెను, వస్త్రము విడిచినదానవు కురులతో మేను దాచుటేల యనెను. సభలో ఒంటరి స్త్రీ, వయసున చిన్నది. తలవంచక బదులు చెప్పెను. ఆ సంవాదమును 15వ శతాబ్దమున కూర్చిన ‘శూన్య సంపాదనె’ దాచలేదు, మెత్తపరచలేదు. నిండుసభలో పరీక్షించిన ప్రభువే ఆమెకు మ్రొక్కెను.

ఆయ్దక్కి లక్కమ్మ కథ ఇంకను చిన్నది, ఇంటిలో జరిగినది. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఆ గింజలతోనే ఇంట జంగమార్చన సాగుచుండెను. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చెను. జంగములకు పెట్టుటకే గదా యని అతని తలంపు. లక్కమ్మ ఒప్పలేదు. ఇది భక్తి కాదు, ఆశ యనెను. ఎక్కువ గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మనెను. భర్తతో అట్లు పలుకుట ఆ కాలమున ఎవరికిని నచ్చు మాట కాదు. మారయ్య కోపింపలేదు, వాదింపలేదు. మూట మరల భుజమున వేసికొని వెడలెను.