"ఆపు!" అన్న తండ్రి



1927 అక్టోబరు 6న న్యూయార్కులో 'ది జాజ్ సింగర్' అనే చిత్రం విడుదలైంది. పూర్తి నిడివి కథాచిత్రంలో మనుష్యుడు తెరమీద మాట్లాడగా జనులు విని ఆశ్చర్యపడ్డారు. నిజానికి అందులో మాటలు రెండు నిమిషాలే; మిగిలినది పాటలు, తెరమీది వ్రాత. సినిమాలు చూడండని చెప్పుటకు దీనిని ఎత్తలేదు. ఆ కథ మన ఇండ్లలోనిది గనుక ఎత్తుచున్నాము.

రబినోవిట్జ్ అనే యూదుడు సమాజమందిరంలో ప్రార్థన గీతాలు పాడే గాయకుడు. ఐదు తరాలుగా ఆ ఇంటివారిది అదే సేవ. కొడుకు జేకీ సారా అమ్మేచోట పాడుతున్నాడని విని, ఈడ్చుకొచ్చి కొట్టాడు. పిల్లవాడు ఇల్లు విడిచిపోయాడు. ఏండ్లు గడిచాక పేరు మార్చుకొని తిరిగివచ్చి, తల్లి యెదుట పియానో వాయిస్తూ ముచ్చటలాడుతుండగా తండ్రి వచ్చి "ఆపు!" అని అరిచాడు. ఆ ఒక్క మాటతో చిత్రమే మూగబోయింది! మాటలు నేర్చిన తెర నోరు మూయించినది ఒక తండ్రి కోపం.

తరువాత ప్రాయశ్చిత్తార్థ దినపు సాయంకాలం వచ్చింది (లేవీయకాండము 16 చూడండి). తండ్రి మరణశయ్యమీద ఉన్నాడు. కొడుకు పెద్ద ప్రదర్శన ఆ రాత్రే. అతడు ప్రదర్శన మాని తండ్రి స్థానంలో నిలిచి పాడాడు. తండ్రి విని కన్నుమూశాడు. మూలమైన నాటకం అక్కడే ముగిసింది. చిత్రంలో కొడుకు మరల రంగస్థలమెక్కాడు. ఆ పాత్ర వేసిన అల్ జాల్సన్ తండ్రి కూడా సమాజమందిరపు గాయకుడే. జాల్సన్ ముఖానికి మసి పూసుకొని నల్లజాతివారివలె ఆడుట మాత్రం మేము మెచ్చలేము.

1932లో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ తండ్రీకొడుకుల తగవే గదా!

ఆ తండ్రి భయం వట్టిది కాదు. వలస వచ్చినవారికి అది తెలుసు. తుంగభద్ర నీళ్ళ వెంట ఈ రాయచూరు జిల్లాకు వచ్చిన మనవారు మూటాముల్లెతో పాటు కీర్తనలనూ మోసుకొచ్చారు. గిల్లేసూగూరులో పిల్లలకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కీబోర్డు నేర్చిన కుర్రవాడు పెండ్లి ఆర్కెస్ట్రాకు పోతే రేపు మందిరంలో పాట ఎత్తేదెవరని తండ్రి దిగులు పడితే మేము నవ్వము.

అయితే లూకా 15వ అధ్యాయం మరల చదవండి. తప్పిపోయి వచ్చిన కుమారుని నిమిత్తం వాద్యాలు పెట్టించినవాడు తండ్రి. ఆ ధ్వని విని గుమ్మం బయట నిలిచిపోయినవాడు పొలంలో పాటుపడిన పెద్ద కుమారుడు. రబినోవిట్జ్ ఇంట బయట నిలిచినవాడు తండ్రే! ఎంత నమ్మకమైన సేవకుడో అంత దూరమయ్యాడు. ఉపమానంలోని తండ్రియైతే కోపించినవానియొద్దకు తానే వెలుపలికి వెళ్ళి బతిమాలుకొన్నాడు.

సంఘ పెద్దలారా, శనివారం రాత్రంతా పెండ్లిలో వాయించి, ఆదివారం ఆలస్యంగా వచ్చి, చెప్పులు విడిచి వాకిటనే నిలుచున్న కుర్రవాడు మీ సంఘంలోనూ ఉన్నాడు. రెండవ కీర్తనకైనా అతనిని లోపలికి పిలిచి హార్మోనియం ముందు కూర్చోబెట్టినవారెవరు?