కూలి లెక్క తీరాక

ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో ఇద్దరు తోటికోడళ్లు బకింగ్‌హాం కాలువ పనికి వెళ్లారు. మగవాళ్లు తవ్విన మట్టిని తట్టలకెత్తుకుని గట్టు మీద పోయడం వాళ్ల పని. పొద్దుగూకాక బోధకులు కూలీల మధ్య కూర్చుని యేసు కథ చెప్పేవారు. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ బాప్తిస్మం అడిగారు.

“కరువు పోనీయండమ్మా, అప్పుడు చూద్దాం” అన్నారు బోధకులు.

వానలు పడ్డాయి. కాలువ పని అయిపోయింది. పెద్దకోడలు పొలం పనుల్లో పడి ప్రార్థన మాటే మరిచిపోయింది. చిన్నకోడలు మరవలేదు. కరువులో తమ విత్తనపు జొన్నలు దొంగిలించిన పొరుగువాడు జ్వరంతో మూలుగుతుంటే, రెండు పూటలా గంజి కాచి తీసుకెళ్లింది.

“మన నోటి దగ్గరి కూడు లాక్కున్నవాడికా? ఏమిస్తాడనే నీకు?” అంది పెద్దామె.

“ఏమీ ఇవ్వడక్కా. యేసయ్య క్షమించింది ఇలాంటివాళ్లనేగా.”

బాప్తిస్మాలు మళ్లీ ఇస్తున్నారన్న కబురు వచ్చాక చిన్నకోడలు ఏటికి నడిచి వెళ్లింది. “సాయం కోసం వచ్చావా తల్లీ?” అని బోధకుడు అడిగాడు.

“మట్టి మోశాను, కూలి ఇచ్చారు. ఆ లెక్క అప్పుడే తీరిపోయిందయ్యా. ఇప్పుడు ఆయన కోసం వచ్చాను.”

నీతి: విశ్వాసానికి కూలి ఉండదు. పొరుగువాడి గడపలో గంజి గిన్నెతో నిలబడినప్పుడే ఆమె ధన్యురాలు.

తోటికోడళ్లు కల్పన. కరువూ, కాలువా, ‘అప్పుడు చూద్దాం’ అన్న మాట వెనకున్న నియమమూ నిజం. కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, కూటి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆ కరువు రోజుల్లో నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు ఆగిన నెలలే గొప్పవి. ఆకలితో ఉన్న మనిషి నిస్సహాయతను వాడుకోకపోవడం కూడా సువార్తే.

ఇవాళ మన సంఘాల్లో సాక్ష్యమంటే మళ్లీ ఆ కూలి లెక్కే: వీసా వచ్చింది, ఇల్లు కట్టుకున్నాం, ఉద్యోగం దొరికింది. దేవునికి కృతజ్ఞత చెప్పడంలో తప్పులేదు. కానీ కొండమీది ప్రసంగంలో యేసు ధన్యులన్నది దీనులను, దుఃఖంలో ఉన్నవారిని, కనికరం చూపేవారిని, తగవులు తీర్చి సమాధానం నిలిపేవారిని. మంచాన పడ్డ అత్తగారికి ఏళ్లుగా సేవ చేస్తూ, అడిగినదేదీ దొరక్కపోయినా ఆదివారం తప్పకుండా వచ్చి వెనక వరుసలో కూర్చునే ఆమె మీ సంఘంలోనూ ఉంటుంది. ఈ ఆదివారం సాక్ష్యాల వేళ మైకు ఆమెకు కూడా అందించండి.