వదులైన తీగ

నా తల వెంట్రుక ఒకటి విమానానికి తీగగా ఉంది. ఇలా మొదలుపెడితే మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ ఆ వెంట్రుక మూలంగా కిందటేడు వర్షాకాలంలో మా ఇంట్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మాటల్లేవు. అంతకన్నా ముఖ్యం, పెళ్ళయిన నలభై నాలుగేళ్ళకి నాకో సందేహం పట్టుకుంది. ఎదుటివాళ్ళ పనిలో లోపం కనిపిస్తే, వాళ్ళకి తెలియకుండా సరిచేసి ఊరుకోవడం మంచితనమేనా? ఇన్నాళ్ళూ మంచితనమే అనుకున్నాను. సగం సంసారం మనం అలాగే కదా నెట్టుకొస్తాం!

సంగతి మొదట్నుంచీ చెబుతాను.

మావారు ముప్ఫై అయిదేళ్ళు ఇంజనీరింగు డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. ఆయన చేత్తో గీత గీస్తే స్కేలు సిగ్గుపడేదని ఆఫీసులో అనుకునేవారట. (అనుకునేవారని ఆయనే చెప్పారు లెండి.) ఆ చెయ్యి మూడేళ్ళుగా వణుకుతోంది. ప్రమాదం ఏమీ లేదన్నాడు డాక్టరు. ప్రమాదం లేకపోవచ్చు గానీ, చొక్కా గుండీ పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో డాక్టరుకేం తెలుసు? కాఫీ గ్లాసు ముప్పాతిక మాత్రమే నింపి ఇవ్వడం అప్పట్నుంచే అలవాటు చేసుకున్నాను. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. గమనించలేదనుకున్నాను.

డెబ్భై ఒకటో పుట్టినరోజుకి మా అబ్బాయి ఒక పెట్టె పంపాడు. విప్పితే అందులో ముక్కలు ముక్కలుగా ప్లాస్టిక్ విమానం. ఒకదానిమీద ఒకటి రెండు వరసల రెక్కలుండే పాతకాలపు బైప్లేను. దాని పేరు జిప్సీ మాత్. అసలు విమానం రెక్కలు ఈ చివర్నుంచి ఆ చివరికి ముప్ఫై అడుగులు. ఇది అందులో నలభై ఎనిమిదో వంతు, అంటే ఏడున్నర అంగుళాలు. వణికే చేతికి ఇదేం పనిరా నాయనా అనబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను.

పైగా అది ఉత్త విమానం కాదు. ఏమీ జాన్సన్ అనే ఇంగ్లీషు అమ్మాయి విమానానికి నకలు. లండన్లో ఒక న్యాయవాది ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ విమానం నడపడం నేర్చుకున్న పిల్ల. 1930 మే 5న క్రాయ్‌డన్‌లో ఒంటరిగా బయల్దేరి, మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది. అప్పటికి ఆమెకి ఇరవయ్యారేళ్ళు. అలా ఒంటరిగా వెళ్ళిన మొదటి ఆడది ఆమే. దారిలో మన ఝాన్సీలో కవాతు మైదానంలో దిగితే రెక్క దెబ్బతింది, బాగుచేయించుకుని మళ్ళీ ఎగిరింది. ‘జేసన్’ అని పేరు పెట్టుకున్న ఆ విమానం ఇప్పటికీ లండన్ సైన్సు మ్యూజియంలో ఉంది. నాకు మాత్రం ఆ ప్రయాణంకన్నా ఇంకో సంగతి నచ్చింది. బయల్దేరే ముందే, 1929లో, ఆమె గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా సంపాదించింది. అంటే తను నడిపే విమానాన్ని తనే పరీక్షించి సంతకం పెట్టగలదన్నమాట.

ఇక తీగల సంగతి. అప్పటి రెక్కలు కర్రా, గుడ్డా. వాటిని విరక్కుండా పట్టి ఉంచేది వాటి మధ్య ఏటవాలుగా బిగించిన ఉక్కు తీగలు. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. గాల్లో ఉన్నప్పుడు రెక్కల్ని గాలి పైకి ఎత్తేస్తుంది కదా, అవి పైకి విరక్కుండా కిందనుంచి లాగి పట్టుకునేవి కొన్ని. నేలమీద ఉన్నప్పుడు రెక్కలు వాటి బరువుకి అవే వాలిపోకుండా పైనుంచి పట్టుకునేవి కొన్ని. ఒకరు మోస్తుంటే ఇంకొకరికి తెరిపి. వీటి బిగువులో తేడా వచ్చి రెక్క అమరిక తప్పితే విమానం ఒక పక్కకి ఒరుగుతూ పోతుంది. నడిపేవాళ్ళు దారి పొడుగునా కడ్డీని రెండో పక్కకి పట్టుకునే కూర్చోవాలి. ఇలాంటి సంసారాలు నేను రెండు మూడు ఎరుగుదును. అది వేరే కథ.

బొమ్మ విమానంలో తీగలు ఏమీ మొయ్యవు. రెక్కల్ని జిగురే పట్టి ఉంచుతుంది. తీగ కట్టినా కట్టకపోయినా బొమ్మ అలాగే నిలబడుతుంది. "మరెందుకండీ ఈ అవస్థ?" అన్నాను ఒకరోజు. "తీగల్లేకపోతే అది విమానంలా ఉండదు, తూనీగలా ఉంటుంది" అన్నారు.

ఆయన పని చూడాలి మీరు! ముందు ఒడలంతా సీసా ఆకుపచ్చ, రెక్కలకి వెండి రంగు. తరవాత నీళ్ళలో నానబెట్టి కాగితం మీంచి జార్చి అతికించే అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికీ ఊపిరి బిగబట్టేవారు. చివరి అక్షరం కాస్త ఒరిగింది. ఆఖరికి తీగలు. సూదికన్నా సన్నని బరమాతో రెక్కల్లో బెజ్జాలు. రెండు లావుపాటి నిఘంటువులు బల్లమీద పెట్టి, వాటికి మణికట్లు ఆనించి, సన్నని నైలాను దారం బెజ్జంలోకి దూర్చి, గుండుసూది మొనతో జిగురు బొట్టు. ఆరాక, వెలిగించిన అగరువత్తిని దారానికి తగలకుండా దగ్గరికి తీసుకెళితే ఆ వేడికి దారం ముడుచుకుని వీణతీగలా బిగుస్తుంది. కాస్త ఎక్కువ దగ్గరైతే తెగుతుంది. చాలాసార్లు తెగింది. రోజుకి ఒక తీగ, ఒక్కోరోజు అదీ లేదు. పెట్టెతో వచ్చిన సూచనల కాగితంలో ఆ తీగ పక్కన పెన్సిలుతో తేదీ వేసి లేచేవారు.

మే నెలలో ఇంకా రెండు తీగలుండగా నైలాను అయిపోయింది. హైదరాబాదులో ఆ ఎండకి బజారుకెళ్ళేదెవరు? ఆయన నా దువ్వెన పట్టుకొచ్చి, అందులోంచి రెండు తెల్ల వెంట్రుకలు ఏరి, భూతద్దంలో చూసి, "లావు సరిపోయింది, రంగు అచ్చం ఉక్కు" అన్నారు. నలభై నాలుగేళ్ళలో నా జుట్టుని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

విమానం హాల్లో అద్దాల బీరువాలోకి ఎక్కింది. వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

జులైలో ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే కనిపించింది, ఎడమ పక్క రెండు తీగలూ బట్టలారేసే తాడులా వేలాడుతున్నాయి. నా గుండె కలుక్కుమంది. చెయ్యి వణికి సరిగ్గా అతకలేదు, పాపం, చూస్తే ఎంత నొచ్చుకుంటారో అనుకున్నాను. ఆ రాత్రి ఆయన నిద్రపోయాక, కొత్తగా తెచ్చిన నైలాను రీలు తీసి, ఒక తీగ కత్తిరించి, వేరేది కట్టి, అగరువత్తితో బిగించాను. పూలు కట్టిన వేళ్ళు, తెగకుండానే వచ్చింది. రెండోది మర్నాటి రాత్రికి ఉంచాను. ఎంత తృప్తిగా పడుకున్నానో చెప్పలేను.

పొద్దున్నే ఆయన అడిగారు: "రాత్రి హాల్లో అగరువత్తి ఎవరు వెలిగించారు?"

"దోమలకి" అన్నాను. దోమలకి సంపెంగ అగరువత్తి వెలిగించిన ఇల్లాలిని నేనొక్కత్తినే అయుంటాను.

ఆయన భూతద్దం తీసుకుని బీరువా దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు. "నా చెయ్యి వణికిందనుకున్నావు" అన్నారు. అంతే. సాయంత్రం దాకా మళ్ళీ మాట్లాడలేదు.

నాకు ముందు కోపం వచ్చింది. మంచికి పోతే ఇదా అనుకున్నాను. పప్పు కడుగుతూ, బియ్యం ఏరుతూ కోపంగానే ఉన్నాను. అప్పుడు, ఎందుకో మరి, మా అత్తగారి ఆవకాయ గుర్తొచ్చింది.

కొత్త కాపురంలో ఆవకాయ కలిపే పని నాకు అప్పగించారు అత్తగారు. మూడోరోజు తిరగ కలిపి ఉప్పు చూసేదాన్ని. ఏడేళ్ళపాటు మా ఇంట ఆవకాయకి తిరుగులేదు. అందరూ నన్ను మెచ్చుకునేవారు. ఎనిమిదో ఏడు అత్తగారు వేసవికి కూతురింటికి వెళ్ళారు. ఆ ఏడు జాడీ నెలలోపే బూజు పట్టింది. తరవాత తెలిసింది, ఏటా నేను పడుకున్నాక ఆవిడ లేచి ఉప్పు సరిచేసేవారట. "చెబితే చిన్నబుచ్చుకుంటావని" అన్నారు. ఆవిడది ప్రేమే, సందేహం లేదు. కానీ ఏడేళ్ళ మెప్పూ ఒక్కసారిగా నా చేతుల్లోంచి జారిపోయింది. ఉప్పు పాళ్ళు నాకు ముప్ఫయ్యో ఏట కూడా తెలియలేదు.

అయితే ఇక్కడో చిక్కుంది. నేను చిన్నదాన్ని, చెబితే నేర్చుకునేదాన్ని. ఆయన చెయ్యి చెబితే నేర్చుకోదు. రేపటికన్నా ఇవాళే నయం. అలాంటప్పుడు చెప్పి నొప్పించి లాభమేమిటి? మా పక్కింటావిడ కూడా ఇదే అంది: "అన్నీ చెప్పి చేస్తే కాపురం సాగుతుందా పిన్నిగారూ?" నిజమే. పిల్లాడి దుప్పటి సర్దడానికి వాణ్ణి నిద్రలేపి అనుమతి అడగం. మరి దుప్పటికీ తీగకీ తేడా ఏమిటి? పిల్లాడు లేచి చూసినా నాకు భయం లేదు. ఆయన లేచి చూస్తారేమోనని మాత్రం ఆ రాత్రి మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. సాయం చేసేవాళ్ళు అలా చూడరు.

సాయంత్రం కాఫీ ఇచ్చాను. ఆయనే మొదలుపెట్టారు.

"వెంట్రుక తేమకి సాగుతుంది. గాల్లో తేమ కొలిచే పరికరాలు ఒకప్పుడు వెంట్రుకతోనే చేసేవారు. మే నెలలో కట్టాను కనక బిగువుగా ఉంది. ఈ వానలకి సాగింది. వానలు తగ్గితే అదే బిగుస్తుంది. వారంనుంచి రోజూ చూస్తున్నాను, తమాషాగా ఉందని."

నాకు మాట రాలేదు. చెయ్యి తప్పు కాదు. తప్పంటూ ఉంటే నా వెంట్రుకది.

"ఒక్కమాట అడిగితే చెప్పేవాణ్ణి కదా?" అన్నారు.

"అడిగితే బాధపడతారని..."

"గ్లాసు ముప్పాతికే నింపుతున్నావు మూడేళ్ళుగా. నాకు తెలీదనుకున్నావా? నాకు నిండు గ్లాసు తాగాలని ఉంటుంది. ఒలికితే నేనే తుడుచుకుంటాను."

మూడేళ్ళు! ఆయన నొచ్చుకోకుండా నేను గ్లాసు వెలితి చేస్తే, నేను నొచ్చుకోకుండా ఆయన ఆ వెలితి తాగారు. ఒకరికొకరం ఎంత మర్యాద చేసుకున్నామో!

తరవాత ఆ సూచనల కాగితం తెచ్చి నా ముందు పరిచారు. విమానాలు బాగుచేసేచోట ఎవరు ఏ పని చేసినా పుస్తకంలో రాయాల్సిందేనట. కీలకమైన భాగాలైతే ఒకరు చేసినదాన్ని ఇంకొకరు విడిగా చూసి, ఇద్దరూ సంతకాలు పెడతారట. ఎవరికీ చెప్పకుండా సరిచేసి వెళ్ళిపోయినవాణ్ణి అక్కడ మంచివాడనరు. పని బాగున్నా సరే. ఎందుకంటే ఆ విమానం గురించి తనకి తెలుసనుకునే మనిషికి ఇక తెలిసింది తప్పు. బొమ్మకి ఇదంతా ఎందుకండీ అనబోయి, ఏమీ జాన్సన్ సంతకం గుర్తొచ్చి ఊరుకున్నాను. పెన్సిలు తీసుకుని, ఆయన వేసిన తేదీ పక్కన నా తేదీ వేసి పొడి అక్షరాలు రాశాను. ఆయన కింద ఇంకో సంతకం చేశారు. వణికింది. పోల్చుకోవచ్చు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు.

తోక దగ్గర రంగు అంటిన మరక ఒకటి ఫిబ్రవరిలో గోటితో గీకిన సంగతి చెప్పాను. అదీ రాసుకున్నారు.

ఇప్పుడు కాఫీ నిండుగా ఇస్తున్నాను. గ్లాసు కింద సాసరు పెడుతున్నాను. ఆయన చూస్తుండగానే పెడుతున్నాను. చొక్కా గుండీల దగ్గర మాత్రం ఇంకా నావల్ల కావడం లేదు, వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

రెండో వెంట్రుకని మార్చనివ్వలేదాయన. కార్తీకమాసం వచ్చేసరికి అది చెప్పినట్టే బిగిసింది. నేను కట్టిన నైలాను తీగ మాత్రం వానకీ ఎండకీ ఒకేలా ఉంది, కొత్త కోడల్లా. నిన్న పొద్దున దుమ్ము తుడుస్తూ చూస్తే వెంట్రుక కాస్త వదులుగా అనిపించింది. బయట ఎండ బాగానే కాస్తోంది. అయినా ఎందుకైనా మంచిదని ఆయన్ని పిలిచి చూపించాను. భూతద్దంతో చూసి తలూపారు. గుమ్మడి వడియాలు పెట్టడం రెండ్రోజులు వాయిదా వేశాను.