మగ్గం నూగు

మహారాష్ట్రలోని భివండిలో అంజూర్ ఫాటా వైపు మరమగ్గాల షెడ్లలో రాత్రి పాళీ దిగిన నేతన్నల కనురెప్పల మీద కూడా తెల్లటి నూగే. తెలంగాణ నుంచి వలస వెళ్లిన మన పద్మశాలీలు ఎందరో ఆ నూగు అంటిన చొక్కాతోనే ఇల్లు చేరతారు.

పత్తిని అంటుకుని వచ్చే బాక్టీరియా చచ్చినా, దాని పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఆ నూగు దుమ్ములో మిగిలే ఉంటుంది. ఆల్ప్స్ ప్రాంతపు పిల్లల పరుపుల దుమ్ములో అది ఎక్కువైన చోట వాళ్లకు పుప్పొడి జలుబు, అలర్జీ ఉబ్బసం తక్కువని 2002లో తేలింది. పెద్దల సంగతి వేరు. అమెరికా ఇళ్లలో అదే పదార్థం ఎక్కువైతే పెద్దలకు ఉబ్బసం, పిల్లికూతలు ఎక్కువని 2005లో వెలువడిన సర్వే చెప్పింది.

అందుకే అన్నా, "అలవాటైపోతుందిలే" అనొద్దు. చొక్కా గుమ్మం బయటే విప్పు. గది ఊడ్చకుండా తడిగుడ్డతో తుడువు. సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజే ఛాతీ పట్టేస్తోందా? ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పు. షెడ్డులో నూగు లాగే ఫ్యాను మాత్రం యజమానే పెట్టించాలి.