ఎత్తిన చెయ్యి

రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చినందుకు ఏ ఇల్లాలూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. పిండి రుబ్బే మర, బట్టలుతికే మర... మన నడుము నొప్పి తీర్చిన ప్రతి యంత్రానికీ మనసులో దణ్ణం పెట్టుకున్నవాళ్ళమే. కనక యంత్రాలతో నాకు పేచీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

కాని ఒక సంగతి. అల్లరి పిల్లవాడి మీద కోపం పట్టలేక చెయ్యెత్తుతాం. వాడు బిక్కమొహం వేసుకుని చూస్తాడు. ఎత్తిన చెయ్యి సగంలో ఆగిపోతుంది. ఆ ఆగడం ఉందే, అది ఏ యంత్రానికీ రాని విద్య.

ఇప్పుడీ ముచ్చట ఎందుకంటారా? ఒకసారి వదిలిపెడితే చాలు, తమంతట తామే వెతికి, ఎవరు శత్రువో తామే తేల్చుకుని, మరి ఏ మనిషినీ అడక్కుండా చంపే ఆయుధాల కాలం వచ్చింది. వాటిలో ఆగే చెయ్యి ఉండదు.

ఈ భయం మనకు కొత్తేమీ కాదు. భారతంలో అశ్వత్థామకు అస్త్రం వెయ్యడం తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలియదు. నారదుడూ వ్యాసుడూ అడ్డు నిలిస్తే అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించుకున్నాడు. అశ్వత్థామ చేతకాక, దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్ళించాడు. ఉత్తర కడుపులోని పసిగుడ్డు దానికి గురి అయింది. మగవాళ్ళ పగ చివరికి ఎవరి ఒడిలో వచ్చి పడుతుందో వ్యాసులవారికి తెలుసు.

మన కాలంలో జరిగిందే ఒకటి చెబుతాను. 1983 సెప్టెంబరు 26. అమెరికా క్షిపణులు అయిదు వస్తున్నాయని సోవియట్ యూనియన్ హెచ్చరిక కేంద్రంలో యంత్రాలు గగ్గోలు పెట్టాయి. ఆ రాత్రి కాపలా స్తనిస్లావ్ పెట్రోవ్ అనే అధికారిది. 'యుద్ధమే మొదలుపెట్టదలిస్తే అయిదింటితో సరిపెడతారా?' అని ఆయనకు సందేహం వచ్చింది. ఇది యంత్రం పొరపాటేనని పైవాళ్ళకు చెప్పాడు. తీరా చూస్తే మబ్బుల మీద మెరిసిన ఎండను ఉపగ్రహం క్షిపణులనుకుంది! ఆ ఒక్క సందేహం ఎన్ని కోట్ల ఇళ్ళలో దీపం ఆరకుండా కాపాడిందో ఊహించండి.

'యంత్రానికి కోపం లేదు, పగ లేదు, తాగి ఊళ్ళమీద పడదు, ఆడవాళ్ళ జోలికి పోదు. మనిషి కన్నా అదే నయం కదా' అనేవాళ్ళున్నారు. ఈ మాట తీసిపారేసేది కాదు. యుద్ధాల్లో ఆడదాని బతుకేమయిందో మనకు తెలియనిదా? కాని కోపం లేని యంత్రానికి జాలీ లేదు. పైగా దాన్ని వదిలేవాడు మనిషే. వాడి పగ ఎక్కడికీ పోదు, యంత్రంలో ఎక్కి ప్రయాణం చేస్తుందంతే. తప్పుచేసిన సైనికుణ్ణి బోనెక్కించవచ్చు. యంత్రం పెళ్ళివారి బండిని శత్రువుల బండి అనుకుంటే? సేనాని యంత్రం మీదికి తోస్తాడు, యంత్రం చేసినవాడు సేనాని మీదికి తోస్తాడు. బిడ్డ పోయిన తల్లి ఎవరి చొక్కా పట్టుకుని అడగాలి?

అందుకే చట్టం కావాలి. మనుషుల మీద గురిపెట్టే ఇలాంటి ఆయుధాలను నిషేధించాలనీ, మిగతావాటికి గట్టి హద్దులు పెట్టాలనీ అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2021లో కోరింది. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఈ ప్రమాదాన్ని పట్టించుకోవాలనే తీర్మానాన్ని 152 దేశాలు బలపరిచాయి, 4 వ్యతిరేకించాయి. ఆ నాలుగింటిలో మన దేశం ఒకటి. జెనీవాలో చర్చ నడుస్తుండగా మరో వేదిక ఎందుకన్నది మనవాళ్ళ వాదన. వేదిక ఎక్కడైతేనేం, పెళ్ళి మాటలు తెగకపోతే ముహూర్తం దాటిపోదూ?

చట్టాలవల్ల అయ్యేదేమిటని పెదవి విరవకండి. అడుగుపెట్టింది సైనికుడో, కట్టెలకెళ్ళిన పిల్లో తెలియని మందుపాతర కూడా ఇలాంటి గుడ్డి ఆయుధమే. దాన్ని నిషేధించే ఒప్పందం మీద 1997లో ఒట్టావాలో 120కి పైగా దేశాలు సంతకాలు చేశాయి. అన్ని దేశాలూ రాలేదు, నిజమే. అయినా 'ఇది తప్పు' అని లోకం ఒకసారి అన్నాక, చేసేవాడు తల దించుకునే చెయ్యాలి.

రుబ్బడం యంత్రానికి ఇచ్చేశాం, సంతోషం. ఒక ప్రాణం ఉండాలా పోవాలా అన్న బరువు మాత్రం మనిషి చేతిలోనే ఉండనిద్దాం. బరువుంటేనే కదా, ఎత్తిన చెయ్యి ఆగేది!